ఆర్లింగ్టన్ కొండ

పాఠ్యభాగ ఉద్దేశం

చరిత్రను పాలకుల పేర్లుగా, యుద్ధాల తేదీలుగా మాత్రమే చదివితే అది జ్ఞాపకశక్తికి పరీక్షగా మిగిలిపోతుంది. ఒక స్థలాన్ని ఎన్నుకొని, అక్కడ జీవించిన మనుషులు ఎటువంటి పరిస్థితులలో ఎటువంటి నిర్ణయాలు తీసుకున్నారో, వాటి పర్యవసానాలను ఎవరెవరు అనుభవించారో పరిశీలిస్తే అదే చరిత్ర ఆలోచనకు మూలమవుతుంది. అమెరికా చరిత్రలో ప్రసిద్ధి చెందిన ఆర్లింగ్టన్ స్థలాన్ని ఆధారంగా చేసుకొని కర్తవ్యం, చట్టం, సమానత్వం అనే మూడు విలువలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధం జరిగింది. బానిస వ్యవస్థను అంటిపెట్టుకొన్న 11 దక్షిణాది రాష్ట్రాలు దేశం నుండి విడిపోయి ప్రత్యేక సమాఖ్యగా ఏర్పడ్డాయి. దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆ విభజనను అంగీకరించలేదు. నాలుగేళ్ల పోరాటంలో ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించారు. దేశం ఒక్కటిగా నిలిచింది, బానిస వ్యవస్థ రద్దయింది. ఆ యుద్ధం ఒక కుటుంబపు ఇంటిని ఒక జాతి స్మశానవాటికగా మార్చిన తీరు ఈ పాఠంలోని ఇతివృత్తం.

పాఠం

వాషింగ్టన్ నగరపు పడమటి అంచున పోటోమాక్ నది ప్రవహిస్తుంది. నదికి నగరం వైపున లింకన్ స్మారక మందిరం ఉంది. ఆవలి ఒడ్డున, వర్జీనియా రాష్ట్రపు నేలమీద, పచ్చని కొండ ఒకటి కనిపిస్తుంది. ఆ కొండ నెత్తిన గ్రీకు దేవాలయాన్ని తలపించే స్థూలమైన స్తంభాలతో ఒక భవనం నిలిచి ఉంది. దాని పేరు ఆర్లింగ్టన్ హౌస్. దూరం నుండి చూసేవారికి అవి పాలరాతి స్తంభాలనిపిస్తాయి. నిజానికి అవి ఇటుకలతో కట్టి, గచ్చు పూసి, పాలరాయిగా భ్రమింపజేసినవి. ఆ భవనం చుట్టూ కొండవాలంతా వరుసలు తీరిన తెల్లని సమాధి ఫలకాలు. నేడు ఆ ఆవరణ 639 ఎకరాలు. అందులో శాశ్వత నిద్ర పోతున్నవారు నాలుగు లక్షలకు పైబడినవారు.

ఈ భవనాన్ని కట్టించినవాడు జార్జి వాషింగ్టన్ పార్క్ కస్టిస్. అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్‌కు సొంత సంతానం లేదు. ఆయన భార్య మార్తాకు మొదటి వివాహం వలన కలిగిన కుమారుడు 1781లో మరణించగా, ఆ కుమారుని బిడ్డడైన కస్టిస్‌ను వాషింగ్టన్ దంపతులు తమ ఇంట పెంచుకొన్నారు. పెంచిన తాత మీద కస్టిస్‌కు అపారమైన గౌరవం. తనకు పిత్రార్జితంగా వచ్చిన 1,100 ఎకరాల భూమిలో 1802లో నిర్మాణం మొదలుపెట్టి, 1818 నాటికి భవనాన్ని పూర్తి చేశాడు. వాషింగ్టన్ వాడిన గుడారాలను, పాత్రలను, చిత్రపటాలను అందులో భద్రపరచాడు. ఒక విధంగా అది ఆ మహనీయుని స్మృతికి అంకితమైన తొలి మందిరం.

అయితే ఆ మందిరానికి ఇటుకలు కాల్చినది, దూలాలు ఎత్తినది, పొలాలు దున్నినది బానిసలు. స్వాతంత్ర్య సమర నాయకుని స్మృతిచిహ్నాన్ని స్వాతంత్ర్యం ఎరుగని చేతులు నిర్మించాయి. ఆర్లింగ్టన్ చరిత్రలోని మొదటి వైరుధ్యం ఇది. తరువాతి కథంతా ఈ వైరుధ్యం నుండే పుట్టింది.

లీ ఎదుర్కొన్న ధర్మసంకటం

కస్టిస్ కుమార్తె మేరీ. 1831 జూన్ 30వ తేదీన ఆ ఇంటిలోనే ఆమెకు రాబర్ట్ ఇ. లీ అనే యువ సైనికాధికారితో వివాహం జరిగింది. లీ తండ్రి స్వాతంత్ర్య సమరంలో వాషింగ్టన్ క్రింద అశ్వికదళాన్ని నడిపిన వీరుడు. లీ వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం నుండి 1829లో తరగతిలో ద్వితీయ స్థానంతో ఉత్తీర్ణుడయ్యాడు. మెక్సికో యుద్ధంలో సేనాపతి విన్‌ఫీల్డ్ స్కాట్ ప్రశంసలు పొందాడు. 1852 నుండి 1855 వరకు తాను చదివిన వెస్ట్ పాయింట్‌కే అధిపతిగా పనిచేశాడు. ఆ దంపతుల ఏడుగురు బిడ్డలలో ఆరుగురు ఆర్లింగ్టన్‌లోనే జన్మించారు.

1857లో కస్టిస్ మరణించాడు. ఆయన వీలునామాలో రెండు ముఖ్య విషయాలున్నాయి. ఆర్లింగ్టన్‌ను కుమార్తె తన జీవితకాలం అనుభవించి, ఆమె అనంతరం పెద్ద మనుమడు కస్టిస్ లీకి చెందాలన్నది మొదటిది. తన బానిసలందరినీ ఐదు సంవత్సరాలలోగా విముక్తులను చేయాలన్నది రెండవది. మామగారి ఎస్టేట్లన్నింటిలో కలిపి సుమారు 200 మంది బానిసలున్నారు. వీలునామాను అమలు జరిపే బాధ్యత లీ మీద పడింది. ఎస్టేటు అప్పులలో ఉండడంతో ఆయన గడువు పూర్తయ్యేవరకు వారిచేత పని చేయించదలచాడు. యజమాని మరణంతోనే తమకు విడుదల లభించిందని నమ్మినవారికి ఇది అన్యాయంగా తోచింది. 1859లో వెస్లీ నారిస్, అతని సోదరి, మరొక బంధువు పారిపోయి మేరీలాండ్‌లో పట్టుబడ్డారు. లీ ఆజ్ఞ మేరకు తమను కొరడాలతో కొట్టారని నారిస్ 1866లో వాంగ్మూలమిచ్చాడు. బానిసల విముక్తి పత్రం మీద లీ 1862 డిసెంబరులో సంతకం చేశాడు. లీ జీవితాన్ని తలచినప్పుడు ఆయన యుద్ధకౌశలంతో పాటు ఈ ఘట్టాన్ని కూడా తలచుకోవడం న్యాయం.

1861 ఏప్రిల్ 17న వర్జీనియా దేశం నుండి విడిపోవడానికి తీర్మానించింది. మరునాడు వాషింగ్టన్ నగరంలో లీకి లింకన్ ప్రభుత్వం తరఫున ఒక ప్రతిపాదన అందింది. తిరుగుబాటును అణచడానికి సమీకరిస్తున్న మహాసైన్యానికి నాయకత్వం వహించమన్నది దాని సారాంశం. ముప్పై ఏళ్లకు పైగా సేవించిన సైన్యం ఒకవైపు, పుట్టిన రాష్ట్రం మరొకవైపు. లీ తన గురుతుల్యుడైన స్కాట్‌ను కలిశాడు. స్కాట్ కూడా వర్జీనియాలో పుట్టినవాడే. అయినా ఆ వృద్ధ సేనాని దేశాన్ని విడువలేదు. లీ ఆర్లింగ్టన్‌కు తిరిగివచ్చి, చాలాసేపు ఒంటరిగా ఆలోచించి, ఏప్రిల్ 20వ తేదీన రాజీనామా పత్రం వ్రాశాడు. తన బంధువుల మీద, బిడ్డల మీద, సొంత ఇంటి మీద కత్తి ఎత్తలేనన్నది ఆయన చెప్పిన కారణం. రెండు రోజుల తరువాత ఇల్లు విడిచి రిచ్‌మండ్ నగరానికి వెళ్లాడు. అక్కడ వర్జీనియా సేనలకు నాయకుడయ్యాడు. ఆర్లింగ్టన్‌లో మళ్లీ ఎన్నడూ నివసించలేదు.

ఈ నిర్ణయాన్ని కొందరు స్వజనప్రేమగా కీర్తించారు, కొందరు దేశద్రోహంగా నిందించారు. ఒక్క విషయం మాత్రం స్పష్టం. వర్జీనియాలో పుట్టిన సైనికాధికారులందరూ లీ మార్గాన్నే అనుసరించలేదు. జార్జి థామస్ అనే మరొక వర్జీనియా సేనాని దేశం పక్షాన నిలిచి చికమాగా యుద్ధంలో కీర్తి గడించాడు. కాబట్టి లీకి వేరే మార్గం లేకపోయిందనడం సరికాదు. రెండు మార్గాలున్నాయి. ఆయన ఒకదానిని ఎన్నుకొన్నాడు. దాని ఫలితం ఆయన ఇంటికి చేరింది.

ఇల్లు స్మశానమైన తీరు

ఆ కొండ మీద ఫిరంగులను నిలిపితే నదికి ఆవల ఉన్న అధ్యక్ష భవనం గురికి అందుతుంది. అందువలన 1861 మే 24న ప్రభుత్వ సైన్యం నదిని దాటి ఆర్లింగ్టన్‌ను ఆక్రమించుకొంది. అంతకు ముందే మేరీ లీ ఇల్లు విడిచి వెళ్లింది. వెళుతూ ఇంటి తాళాలను సెలీనా గ్రే అనే బానిస స్త్రీకి అప్పగించింది. వాషింగ్టన్ కాలంనాటి అమూల్య వస్తువులను సైనికులు దొంగిలిస్తున్నట్లు సెలీనా గ్రహించి, సేనాధిపతి మెక్‌డొవెల్ దృష్టికి తీసుకొనిపోయింది. ఆయన మిగిలినవాటిని నగరానికి తరలించి భద్రపరచాడు. జాతిపిత స్మృతిచిహ్నాలు నేటికీ మిగిలి ఉన్నాయంటే, స్వేచ్ఛకు నోచుకోని ఆ ఇల్లాలి జాగరూకతే ముఖ్య కారణం.

1862లో అమెరికా కాంగ్రెస్ తిరుగుబాటు ప్రాంతాలలోని భూములపై పన్ను విధించింది. ఆర్లింగ్టన్ మీద విధించిన పన్ను 92 డాలర్ల 7 సెంట్లు. కీళ్లవ్యాధితో బాధపడుతూ, శత్రుసేనల కారణంగా రాలేని స్థితిలో ఉన్న మేరీ లీ ఒక బంధువుచేత సొమ్ము పంపింది. యజమాని స్వయంగా వచ్చి చెల్లిస్తేనే స్వీకరిస్తామని అధికారులు నిరాకరించారు. ఆ పన్ను బకాయి సాకుగా 1864 జనవరిలో ఎస్టేటును వేలం వేశారు. ప్రభుత్వమే 26,800 డాలర్లకు దానిని కొనుక్కొంది.

ఆ సంవత్సరం వేసవిలో సేనాధిపతి యులిసిస్ గ్రాంట్ వర్జీనియాలో లీ సైన్యంతో భీకర యుద్ధం సాగించాడు. గాయపడిన సైనికులను వేల సంఖ్యలో వాషింగ్టన్ ఆసుపత్రులకు చేర్చారు. నగరంలోని సైనిక స్మశానాలు నిండిపోయాయి. ఆర్లింగ్టన్‌లో తొలి సైనికుడైన విలియం క్రిస్ట్‌మన్ భౌతికకాయాన్ని 1864 మే 13న ఖననం చేశారు. అతడు పెన్సిల్వేనియా దళానికి చెందిన సామాన్య సిపాయి.

సైన్యానికి ఆహారం, దుస్తులు, గుడారాలు, గుర్రాలు సమకూర్చే సర్వాధికారి మాంట్‌గొమరీ మీగ్స్. ఆయన జార్జియా రాష్ట్రంలో పుట్టినా దేశం పక్షాన నిలిచాడు. రాజధానికి మంచినీరు తెచ్చే కాలువను, కాంగ్రెస్ భవనపు గుమ్మటాన్ని పర్యవేక్షించిన సమర్థుడైన ఇంజినీరు. 1837లో మిసిసిపి నదిని సర్వే చేయడానికి లీతో కలసి వెళ్లిన సహచరుడు. ఒకనాటి ఆ సహచరుడే దేశంపై తిరగబడిన లీని క్షమించలేకపోయాడు. ఆర్లింగ్టన్‌ను జాతీయ స్మశానవాటికగా చేయాలని 1864 జూన్ 15న ఆయన ప్రతిపాదించగా యుద్ధమంత్రి స్టాంటన్ ఆనాడే ఆమోదించాడు. సమాధులు ఎక్కడో మూలన ఉంటే లీ కుటుంబం మళ్లీ ఇల్లు చేరే అవకాశముంది. అందుచేత మేరీ పెంచుకొన్న పూలతోట అంచునే సైనికాధికారులను పూడ్పించాడు. ఆ అక్టోబరులో మీగ్స్ కుమారుడు జాన్ కూడా యుద్ధంలో మరణించాడు. 1866లో యుద్ధభూముల నుండి ఏరి తెచ్చిన 2,111 మంది గుర్తుతెలియని సైనికుల అస్థికలను ఆ తోట చెంతనే ఒక్క సమాధిలో చేర్చారు. ఆ అస్థికలలో ఇరుపక్షాలవారివీ ఉండి ఉండవచ్చు. జీవించినప్పుడు శత్రువులైనవారిని మృత్యువు ఒక్కచోట చేర్చింది. 1892లో మీగ్స్ కూడా అదే కొండ మీద శాశ్వతంగా విశ్రమించాడు.

స్వేచ్ఛాగ్రామం

ఆ ఎస్టేటులోనే మరొక చరిత్ర సమాంతరంగా నడిచింది. దక్షిణాది నుండి తప్పించుకొని వచ్చిన బానిసల కొరకు 1863లో అక్కడ ఫ్రీడ్‌మన్స్ విలేజ్ అనే ఊరును నెలకొల్పారు. ఇళ్లు, పాఠశాల, ఆసుపత్రి, చేతిపనుల శాలలు వెలిశాయి. బానిసగా పుట్టి, విముక్తి ఉద్యమానికి గొంతుకగా నిలిచిన సోజర్నర్ ట్రూత్ కొంతకాలం అక్కడ సేవ చేసింది. తాత్కాలికంగా ఏర్పడిన ఆ ఊరు ముప్పై ఏళ్లకు పైగా నిలిచి, 1900లో మూతపడింది. నేడు ఆ ఇళ్ల ఆనవాళ్లు లేవు. కాని స్మశానవాటికలోని 27వ విభాగంలో సుమారు 3,800 మంది విముక్త బానిసల సమాధులున్నాయి. వాటి ఫలకాల మీద పేరుతో పాటు పౌరుడు అనో, పౌర వ్యక్తి అనో చెక్కి ఉంటుంది. బ్రతికినన్నాళ్లు ఒకరి ఆస్తిగా లెక్కకు వచ్చిన మనిషికి పౌరుడనే ఆ ఒక్క మాట ఎంత విలువైనదో ఊహించవచ్చు.

ఆర్లింగ్టన్‌లో బానిసగా పుట్టిన జేమ్స్ పార్క్స్ విముక్తి పొందిన తరువాత కూడా ఆ కొండను వీడలేదు. సైనికుల కొరకు గోతులు త్రవ్వే పనిలో చేరాడు. 1929లో ఆయన మరణించినప్పుడు ప్రత్యేక అనుమతితో ఆర్లింగ్టన్‌లోనే ఖననం చేశారు. ఆ ఎస్టేటులో పుట్టి ఆ స్మశానవాటికలో సమాధి పొందిన ఏకైక వ్యక్తి ఆయన. లీకి దక్కనిది, లీ కుమారులకు దక్కనిది పార్క్స్‌కు దక్కింది.

ప్రభుత్వం మీద పౌరుని గెలుపు

లీ 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో గ్రాంట్‌కు లొంగిపోయాడు. అనంతరం ఒక కళాశాలకు అధ్యక్షుడై 1870లో కన్నుమూశాడు. మేరీ 1873లో ఒక్కసారి ఆర్లింగ్టన్‌కు వచ్చింది. మారిపోయిన తన ఇంటిని గుర్తుపట్టలేకపోయింది. ఆ ఏడాదే మరణించింది.

అప్పుడు వీలునామా ప్రకారం హక్కుదారుడైన కస్టిస్ లీ న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. సొమ్ము చెల్లించబోయినా స్వీకరించక భూమిని వేలం వేయడం చట్టవిరుద్ధమన్నది ఆయన వాదం. దేశం మీద తిరుగుబాటు చేసినవాని కుమారుడు, తానూ ఆ తిరుగుబాటు సైన్యంలో సేనాని, గెలిచిన ప్రభుత్వం మీద వేసిన దావా అది. ఆ భూమిలో అప్పటికే వేలాది వీరుల సమాధులున్నాయి. ప్రజాభిప్రాయం ఎటువైపు ఉంటుందో చెప్పనవసరం లేదు. అయినా 1882 డిసెంబరు 4న సర్వోన్నత న్యాయస్థానం ఐదుగురికి నలుగురు అనే స్వల్ప ఆధిక్యంతో కస్టిస్ లీ పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి శామ్యూల్ మిల్లర్‌ను ఆ పదవిలో నియమించినవాడు లింకన్. పౌరుని ఆస్తిని తగిన ప్రక్రియ లేకుండా, న్యాయమైన పరిహారం చెల్లించకుండా తీసుకొనే అధికారం ఎవరికీ లేదనీ, ప్రభుత్వాధికారులందరూ చట్టానికి లోబడినవారేననీ ఆ తీర్పు ప్రకటించింది.

గెలిచిన కస్టిస్ లీ సమాధులను త్రవ్వించమని పట్టుబట్టలేదు. 1883లో 1,50,000 డాలర్లకు ఎస్టేటును ప్రభుత్వానికి విక్రయించాడు. ఆనాడు ప్రభుత్వం తరఫున హక్కు పత్రాన్ని స్వీకరించిన యుద్ధమంత్రి రాబర్ట్ టాడ్ లింకన్, అబ్రహాం లింకన్ కుమారుడు. తండ్రులు యుద్ధంలో తలపడ్డారు. బిడ్డలు ఒక కాగితం మీద సంతకాలతో వివాదాన్ని ముగించారు. ఆ రాబర్ట్ లింకన్ సమాధి కూడా నేడు ఆర్లింగ్టన్‌లోనే ఉంది.

జాతి స్మృతిపీఠం

అంతర్యుద్ధ వీరుల సమాధులపై పూలుంచే దినాన్ని పాటించమని మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడైన జాన్ లోగన్ పిలుపునివ్వగా, 1868 మే 30న ఆర్లింగ్టన్‌లో ఘనంగా ఆ ఉత్సవం జరిగింది. అదే నేటి స్మారక దినం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రాన్స్‌లో ఒకే రీతిగా ఉన్న నాలుగు శవపేటికల ముందు ఎడ్వర్డ్ యంగర్ అనే సైనికుడు నిలిచి, ఒకదానిపై తెల్లని గులాబీలుంచి ఎంపిక చేశాడు. ఆ పేటికలోని అజ్ఞాత సైనికునికి 1921 నవంబరు 11న, అధ్యక్షుడు హార్డింగ్ సమక్షంలో, ఆర్లింగ్టన్‌లో అంత్యక్రియలు జరిగాయి. 1937 నుండి ఆ సమాధి వద్ద రేయింబవళ్లు కావలి ఉంది. కావలి సైనికుడు 21 అడుగులు నడిచి, 21 సెకన్లు ఆగి, మరల నడుస్తాడు. అత్యున్నత సైనిక గౌరవమైన 21 తుపాకుల వందనానికి అది సంకేతం.

వియత్నాం యుద్ధంలో మరణించిన ఒక అజ్ఞాత సైనికుని 1984లో అక్కడే సమాధి చేశారు. 1998లో డీఎన్ఏ పరీక్షల ద్వారా ఆయన 1972లో కూలిన విమానం నడిపిన మైకేల్ బ్లాసీ అని తేలింది. కుటుంబం ఆయన అస్థికలను స్వస్థలానికి తీసుకొనిపోయింది. ఆ సమాధిని మాత్రం ఖాళీగానే ఉంచారు.

ఇంతటి స్థలంలో సైతం సమానత్వం ఆలస్యంగానే ప్రవేశించింది. దేశం కొరకు ఒకే విధంగా ప్రాణాలర్పించినా నల్లజాతి సైనికులను చాలాకాలం వేరు విభాగంలో ఖననం చేశారు. 1948లో అధ్యక్షుడు హారీ ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను తొలగిస్తూ ఉత్తర్వు జారీ చేశాకనే ఆ విభజన అంతరించింది. మొదటి ప్రపంచ యుద్ధ సేనాని జాన్ పెర్షింగ్, రెండవ ప్రపంచ యుద్ధకాలపు సేనానులు జార్జి మార్షల్, ఒమర్ బ్రాడ్లీ, సర్వోన్నత న్యాయస్థానంలో తొలి నల్లజాతి న్యాయమూర్తి తర్‌గుడ్ మార్షల్ అందరూ నేడు ఆ కొండ మీదనే ఉన్నారు. అధ్యక్షుడు జాన్ కెనెడీ 1963 నవంబరు 11న అక్కడి సైనిక స్మారకోత్సవంలో పాల్గొన్నాడు. రెండు వారాలకే, నవంబరు 25న, హంతకుని తూటాకు బలియై ఆ కొండవాలుకే చేరాడు. భార్య జాక్వెలిన్ కోరిక మేరకు ఆయన సమాధి వద్ద అఖండజ్యోతి వెలుగుతున్నది.

భారతీయులకు ఆత్మీయమైన పేరు ఒకటి కూడా అక్కడ ఉంది. 2003 ఫిబ్రవరి 1న కూలిపోయిన కొలంబియా అంతరిక్ష నౌకలోని ఏడుగురి స్మృత్యర్థం మరుసటి సంవత్సరం ఆర్లింగ్టన్‌లో నెలకొల్పిన స్మారకం మీద, కర్నాల్ పట్టణంలో పుట్టిన కల్పనా చావ్లా పేరు చెక్కబడి ఉంది.

1932లో ప్రారంభమైన ఆర్లింగ్టన్ స్మారక వంతెన నదిపై లింకన్ మందిరం నుండి లీ భవనం దిశగా సాగుతుంది. విడిపోయిన ఉత్తర దక్షిణాలను కలిపే చిహ్నంగా దానిని రూపొందించారు. 1975లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, లీకి మరణానంతరం పౌరసత్వాన్ని పునరుద్ధరించే పత్రంపై ఆ భవనం వద్దనే సంతకం చేశాడు. అయినా వాదం ముగియలేదు. దక్షిణాది సైనికుల స్మృతికై 1914లో స్మశానవాటికలో ప్రతిష్ఠించిన శిల్పం బానిసలను యజమానులకు విధేయులైన సేవకులుగా చూపి చరిత్రను వక్రీకరించిందన్న విమర్శ మీద 2023 డిసెంబరులో దానిని తొలగించారు. తిరిగి నెలకొల్పుతామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. ఇంకొకవైపు, 2021లో పునరుద్ధరించి తెరచిన ఆర్లింగ్టన్ భవనంలో సెలీనా గ్రే వంటివారి జీవితాలకు కూడా స్థానం లభించింది. వంతెన కట్టడం వేరు, దాని మీదుగా ఇరువైపులవారు నడిచి కలుసుకోవడం వేరు. మొదటిది కొన్ని సంవత్సరాల పని, రెండవది తరాల పని.

ఆర్లింగ్టన్ చరిత్ర మనకు మూడు సంగతులను బోధిస్తుంది. కర్తవ్యాలు రెండు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏది విశాలమైన ధర్మమో విచారించాలి. అభిమానం ఒక్కటే ప్రమాణం కాదు. కోపం న్యాయమైనదైనా ప్రభుత్వం చట్టాన్ని అతిక్రమించరాదు. ఓడినవాని హక్కును కూడా కాపాడినప్పుడే గెలిచినవాని చట్టానికి గౌరవం. అన్నింటికన్న ముఖ్యమైనది, ఒక కట్టడం ఎదుట నిలిచినప్పుడు దానిని కట్టించినవారినే కాక కట్టినవారిని కూడా స్మరించాలి. సేనాపతుల పేర్లు గ్రంథాలలో నిలుస్తాయి. గోతులు త్రవ్విన చేతుల పేర్లను మాత్రం వెదకి పట్టుకోవాలి. ఆ వెదకడమే చరిత్ర అధ్యయనం.

కఠిన పదాలు – అర్థాలు

ఇతివృత్తం = కథావస్తువు
స్థూలమైన = లావైన
పిత్రార్జితం = తండ్రి నుండి సంక్రమించిన ఆస్తి
వైరుధ్యం = పరస్పర విరోధం
ధర్మసంకటం = రెండు కర్తవ్యాల మధ్య ఏది చేయాలో తోచని స్థితి
వాంగ్మూలం = నోటితో చెప్పి నమోదు చేయించిన సాక్ష్యం
జాగరూకత = మెలకువ, అప్రమత్తత
అస్థికలు = ఎముకలు
దావా = న్యాయస్థానంలో వేసిన వ్యాజ్యం
పరిహారం = నష్టానికి బదులుగా చెల్లించే సొమ్ము
వక్రీకరించు = ఉన్నదానిని మార్చి చూపు
పర్యవసానం = చివరి ఫలితం

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. రాబర్ట్ ఇ. లీ ఎదుర్కొన్న ధర్మసంకటాన్ని వివరించి, ఆయన నిర్ణయంపై మీ అభిప్రాయాన్ని కారణాలతో తెలపండి.
2. లీ కుటుంబపు నివాసం జాతీయ స్మశానవాటికగా మారిన క్రమాన్ని వర్ణించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. సెలీనా గ్రే చేసిన మేలు ఏమిటి?
2. 1882 నాటి తీర్పులోని ముఖ్యాంశమేమిటి?
3. ఫ్రీడ్‌మన్స్ విలేజ్ గురించి వ్రాయండి.
4. అజ్ఞాత సైనికుని ఎంపిక ఎట్లా జరిగింది?

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఆర్లింగ్టన్ భవనాన్ని కట్టించినవారెవరు?
2. 1883లో హక్కు పత్రాన్ని స్వీకరించిన యుద్ధమంత్రి ఎవరు?
3. ఆర్లింగ్టన్ స్మారక వంతెన ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?

IV. క్రింది వాక్యాలను సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
1. రెండు మార్గాలున్నాయి. ఆయన ఒకదానిని ఎన్నుకొన్నాడు.
2. ఓడినవాని హక్కును కూడా కాపాడినప్పుడే గెలిచినవాని చట్టానికి గౌరవం.

V. సంధులు
దేశాధ్యక్షుడు = దేశ + అధ్యక్షుడు – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణ సంధి
అత్యున్నత = అతి + ఉన్నత – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి

VI. సమాసాలు
యుద్ధభూమి = యుద్ధం యొక్క భూమి – షష్ఠీ తత్పురుష సమాసం
ఉత్తర దక్షిణాలు = ఉత్తరమును, దక్షిణమును – ద్వంద్వ సమాసం
నాలుగేళ్లు = నాలుగు సంఖ్య గల ఏళ్లు – ద్విగు సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక పాత కోట, చెరువు, దేవాలయం లేదా వంతెనను సందర్శించండి. దానిని కట్టించినవారెవరో, కట్టినవారు ఏ వృత్తులకు చెందినవారో, వారి పేర్లు ఎక్కడైనా నమోదై ఉన్నాయో లేవో పెద్దలను అడిగి తెలుసుకొని, రెండు పుటల నివేదిక వ్రాయండి.